మిడిల్ స్ట్రెయిట్‌లో మా నాన్న ఫెర్రీ

పోయిన నెల కాకినాడ దగ్గర కోరంగి మడ అడవులు చూడ్డానికి వెళ్ళాం. చెక్కల బాట మీద నడిచే సమయానికి నీరు దిగిపోయి, నల్లటి బురద బయటపడి ఉంది. గాలి ఒక్కసారి ఇటు తిరిగేసరికి ఆ వాసన ముక్కుకి కొట్టింది. మురిగిన ఆకు, ఉప్పు, కాస్త గంధకం కలిసిన వాసన. మావాళ్ళంతా కొంగులూ చేతిరుమాళ్ళూ అడ్డం పెట్టుకుని ముందుకు నడిచారు. నాకు మాత్రం అడుగు పడలేదు. మా చిన్నప్పుడు తెల్లారి లేవగానే ఇంట్లోకి వచ్చే వాసన అదే. ఆ రోజు నుంచి రాద్దాం రాద్దాం అనుకుంటూ ఇప్పటికి కూర్చున్నాను.

మేం పెరిగింది అండమాన్‌లో, బారాటాంగ్ దీవిలో. దక్షిణ అండమాన్‌కీ బారాటాంగ్‌కీ మధ్య సముద్రం సన్నటి పాయగా దూరి ఉంటుంది. దాన్ని మిడిల్ స్ట్రెయిట్ అంటారు. బారాటాంగ్‌కి ఉత్తరాన, మధ్య అండమాన్‌తో నడుమ ఉన్నది హంఫ్రీ స్ట్రెయిట్. ఇంకా పైకెళ్తే మధ్య, ఉత్తర అండమాన్ల మధ్య ఆస్టిన్ స్ట్రెయిట్. ఈ మూడు జలసంధులూ ఎంత ఇరుకంటే, దూరాన ఓడ మీద నుంచి చూస్తే నాలుగు దీవులూ కలిసి ఒకే కొండల వరసగా కనిపిస్తాయి. పాత పుస్తకాల్లో అన్నిటినీ కలిపి గ్రేట్ అండమాన్ అనే రాశారు. మా స్కూల్లో ఉన్న ఇండియా మ్యాప్‌లో అయితే అండమాన్ మొత్తం ఒక ఆకుపచ్చ గీత. అందులో మా ఇంటి ముందున్న నీళ్ళు లేనే లేవు. మాస్టారు బయటికెళ్ళినప్పుడు నేను పెన్సిల్‌తో ఆ గీతకి అడ్డంగా మూడు చిన్న గాట్లు పెట్టాను. ఎవరూ గమనించలేదు. చాలా రోజులు ఆ గాట్లు అలాగే ఉన్నాయి.

నాన్న ఆ మిడిల్ స్ట్రెయిట్‌లో ఫెర్రీ సరంగు, అంటే ఫెర్రీ నడిపే మనిషి. సొంతూరు శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం పక్కన ఒక పల్లె, వంశధార సముద్రంలో కలిసే చోటు. చుట్టాలతో పాటు విశాఖపట్నంలో ఓడెక్కి, మూడు రోజులు ప్రయాణం చేసి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాడు. జంగ్లీఘాట్‌లో మనవాళ్ళు అప్పటికే బోలెడుమంది ఉండేవారు, చేపల వేటే అందరి పని. కొన్నాళ్ళు వాళ్ళతో వేటకెళ్ళి, తర్వాత లస్కర్‌గా, అంటే పడవ మీద పనివాడిగా, సర్కారు పడవల మీద చేరి, సరంగు అయ్యాడు. పెళ్ళయ్యాక అమ్మ వచ్చింది. మేం పుట్టేసరికి బారాటాంగ్‌లో నీలాంబూర్ జెట్టీకి దగ్గర్లో చెక్క ఇల్లు, రేకుల కప్పు.

ఫెర్రీ అంటే పెద్ద ఇనుప పళ్ళెం అనుకోండి. ముందూ వెనకా దిగే తలుపులు, గొలుసులతో కిందికి వాల్చితే ఆ గొలుసుల చప్పుడు దీవంతా వినబడేది. బస్సూ, లారీలూ వెనక్కి నడిపించుకుంటూ ఎక్కించేవారు. మనుషులు పక్కన సందుల్లో నిలబడేవాళ్ళు, కోళ్ళ గంపలూ, అరటి గెలలూ, పోర్ట్‌బ్లెయిర్ హాస్పిటల్‌కి వెళ్ళే ముసలివాళ్ళూ. అవతలి ఒడ్డుకి పావుగంటో ఇరవై నిమిషాలో. అంత చిన్న ప్రయాణానికి సరంగు ఎందుకు, ఎవరైనా నడపొచ్చు కదా అని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకునేవారు.

నడపలేరు. ఆ నీళ్ళు కుదురుగా ఉండవు. స్ట్రెయిట్‌కి రెండు మొగలు. పడమటి మొగ బంగాళాఖాతంలోకి తెరుచుకుంటుంది, తూర్పు మొగ అండమాన్ సముద్రంలోకి. పోటు రెండు పక్కల నుంచీ లోపలికి వస్తుందని, మధ్యలో ఎక్కడో ఒకదాన్నొకటి తోసుకుంటాయని నాన్న చెప్పేవాడు. రోజుకి రెండు పోట్లు, అంటే నీరెక్కడం, రెండు పాట్లు, అంటే నీరు దిగడం. ఈ రోజు వచ్చిన పోటు రేపు ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పున్నమికీ అమావాస్యకీ నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది, రెండు మీటర్ల దాకా తేడా ఉంటుంది. అష్టమి రోజుల్లో బద్ధకంగా కదులుతుంది. పైకి చూస్తే అల అనేది ఉండదు. పచ్చటి నీరు, అద్దంలా నిశ్శబ్దంగా ఉన్నట్టే ఉంటుంది. కింద మాత్రం లాగేస్తూ ఉంటుంది. అందుకని నాన్న ఎప్పుడూ ఫెర్రీ ముక్కుని ఎదురు జెట్టీకి సూటిగా పెట్టేవాడు కాదు. నీరు ఎటు నుంచి వస్తోందో అటు వంచి పెట్టేవాడు. చూసేవాళ్ళకి ఎక్కడికో పోతున్నామే అని భయం వేసేది. ఫెర్రీ పక్కకి పక్కకి జరుగుతూ సరిగ్గా జెట్టీ ముందుకొచ్చి ఆగేది.

సెలవు రోజుల్లో నన్ను తనతో తీసుకెళ్ళేవాడు. చుక్కాని పక్కన నిలబెట్టి, వేలు చూపించి, "అదిగో ఆ ఆకు ఎటెల్తందో సూడు" అనేవాడు. నీటి మీద తేలే ఎండుటాకు, కొబ్బరి డొప్ప, ఏదైనా సరే. కాసేపు అది తూర్పుకి పోయేది. తర్వాత కదలడం మానేసి ఉన్నచోటే తిరిగేది. "నీరు నిలబడిందే. ఇంకో పది నిముషాలకి తిరగబడతాది." నిజంగానే ఆ ఆకు మెల్లగా పడమటికి బయల్దేరేది. నాన్నకి చేతి గడియారం ఉండేది గానీ, అది ఆఫీసు పుస్తకంలో టైమ్ రాయడానికే.

ఏటా మా పెదనాన్న కళింగపట్నం నుంచి తెలుగు కాలెండర్ పంపేవాడు. ఎవరో ఒకరు ఓడెక్కేవాళ్ళ చేతికిచ్చి. అది మా ఇంటికి చేరేసరికి శివరాత్రి కూడా అయిపోయేది ఒక్కోసారి. అమ్మ దాంట్లో పండగలు చూసుకునేది, నాన్న తిథులు చూసుకునేవాడు. తిథి తెలిస్తే పోటు ఎన్నింటికో ఆయనకి తెలిసిపోయేది. మా ఇంట్లో స్నానాలూ, బట్టలుతుక్కోవడం, అన్నాలూ అన్నీ ఆ లెక్క మీదే. నీరు దిగే వేళకి అమ్మ గంప పట్టుకుని మండపీతల కోసం బురద అంచుకి వెళ్ళేది. నీరెక్కే వేళకి తమ్ముడు గాలం వేసేవాడు. మాకు సూర్యుడు కూడా తొందరపాటు మనిషే. గడియారం ఇండియా మొత్తానిదీ ఒకటే గానీ మేం ఉన్నది దూరంగా తూర్పున, ఎండాకాలంలో తెల్లారి ఐదు కాకుండానే పొద్దు పొడిచేది. డిసెంబర్‌లో సాయంత్రం ఐదుకల్లా చీకటి. ఎనిమిది గంటలంటే మాకు అర్ధరాత్రి కింద లెక్క.

నీరు దిగినప్పుడు వినబడే చప్పుళ్ళు వేరు. నేనెక్కడికెళ్ళినా ఆ చప్పుళ్ళు ఇంకెక్కడా వినలేదు. బురదలో నుంచి చిటచిటమని, పొయ్యిలో ఉప్పురాయి పేలినట్టు ఆగకుండా. చిటికె వేసే ఒక రకం రొయ్యలు చేసే చప్పుడట అది, పెద్దయ్యాక తెలిసింది. ఉప్పుపొన్న చెట్ల వేళ్ళు వంకర కాళ్ళతో నీళ్ళలోంచి లేచి నిలబడేవి. ఆ వేళ్ళ నిండా గుల్లలు, కోసుకుపోయేంత పదును. మడ చెట్ల కింద ఊపిరి వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉండేవి. వాటి మధ్య ఒక డెక్క పెద్దగా, ఎర్రగా ఉండే చిన్న పీతలు వందలు. మనిషి నీడ పడితే చాలు, అన్నీ ఒకేసారి బొరియల్లోకి. కదలకుండా నిలబడితే ముందు ఒకటి, తర్వాత పది, తర్వాత అన్నీ బయటికొచ్చి మళ్ళీ ఆ డెక్క ఊపడం మొదలెట్టేవి. తమ్ముడూ నేనూ ఎవరు ఎక్కువసేపు కదలకుండా ఉంటామా అని పందెం వేసుకునేవాళ్ళం.

మొసళ్ళ భయం ఒకటి. ఉప్పునీటి మొసళ్ళు ఆ పాయల నిండా ఉంటాయి. బురద మీద దుంగ పడి ఉందనుకుంటాం. ఆ దుంగ లేచి నీళ్ళలోకి జారుతుంది. పక్కింటి వాళ్ళ కుక్క ఒక సాయంత్రం జెట్టీ కిందికి నీళ్ళు తాగడానికి వెళ్ళి మరి రాలేదు. ఆ తర్వాత అమ్మ మమ్మల్ని చీకటి పడితే జెట్టీ మెట్లు దిగనిచ్చేది కాదు.

దుంగలంటే గుర్తొచ్చింది. అడవిలో ఏనుగులు పడౌక్, గర్జన్ దుంగల్ని ఒడ్డుదాకా లాగి తెచ్చేవి. అక్కడ వాటిని గొలుసులతో తెప్ప కట్టి, టగ్గుకి తగిలించి పోర్ట్‌బ్లెయిర్ చాతం మిల్లుకి లాక్కెళ్ళేవారు. 1883లో పెట్టిన రంపపు మిల్లు అది. తెప్ప వెళ్ళేటప్పుడు ఫెర్రీ ఆపాల్సిందే. ఆ నీటి జోరులో పొడుగాటి తెప్ప వంపు తిరిగి ఎటు వస్తుందో చెప్పలేం. నాన్న ఇంజన్ కట్టేసి, బీడీ ముట్టించి, అది దాటేదాకా చూస్తూ ఉండేవాడు. "అలగ మోసుకుపోతా ఉంటే మిగిలేదేటి" అనేవాడు ఒక్కోసారి. ఎర్రగా నీళ్ళలో మెరిసే ఆ పడౌక్ దుంగలు చూడ్డానికి మాత్రం చాలా అందంగా ఉండేవి.

ఫెర్రీ ఎక్కితే అందరి భాషా హిందీయే. నీలాంబూర్ చుట్టుపక్కల ఊళ్ళలో రాంచీవాళ్ళు ఎక్కువ, ఛోటానాగ్‌పూర్ నుంచి అడవి పనికి తెచ్చినవాళ్ళ సంతానం. హంఫ్రీ దాటితే కదంతలా వైపు తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల ఊళ్ళు. మలయాళీలు, తమిళులు, మనవాళ్ళు అక్కడక్కడ. అమ్మకి తెలుగు మాట్లాడే మనిషి దొరికితే పండగే. లారీ నుంచి ఎవరైనా "ఏటండీ" అంటే చాలు, ఇంటికి పిలిచి చేపల పులుసు పెట్టేది. నాకు అ, ఆలు నేర్పింది అమ్మే. ఆ కాలెండర్ వెనక వైపు తెల్ల కాగితాల మీద. రాత్రి గాలి అనుకూలిస్తే రేడియోలో ఆకాశవాణి విశాఖపట్నం వచ్చేది, సముద్రం అవతలి నుంచి, ఎక్కుతూ దిగుతూ. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కేకేసేది, "కదపకండర్రా, అలగే ఉంచండి" అని. వానాకాలంలో రేకుల మీద వాన మొదలైతే రేడియో లేదు, మాటలూ లేవు. మే నుంచి డిసెంబర్ దాకా ఏదో ఒక వైపు రుతుపవనం కురుస్తూనే ఉండేది.

ఆ కాలెండర్ కాగితాల్లో ఒకదాని వెనకే నాన్న నాకు స్ట్రెయిట్ పటం గీసిచ్చాడు. మ్యాప్‌లో మన నీళ్ళు లేవని నేను ఏడుస్తూ వచ్చిన రోజు అనుకుంటాను. నీలం పెన్సిల్ ముక్క ఒకటి, ఎర్రది ఒకటి తీసుకున్నాడు. ముందు రెండు ఒడ్లు గీశాడు, ఎక్కడెక్కడ వంపు తిరుగుతాయో. తర్వాత లోపలికి చీలే చిన్న పాయలు, ఏ పాయలోకి డింగీ, అంటే చిన్న పడవ, వెళ్తుందో, ఏది చివర మూసుకుపోతుందో. పోటు వచ్చే దారి నీలం గీతలతో, పాటు పోయే దారి ఎర్ర గీతలతో. రెండూ ఒకే దారి కావు. అది చూసి ఆశ్చర్యపోయాను నేను. దక్షిణపు ఒడ్డుకి దగ్గరగా చుక్కలు చుక్కలుగా ఒక మేట, నీటి అడుగున పేరుకున్న దిబ్బ. "ఇక్కడ పాటు నీట్లో ఫెర్రీ అడుగు తగులుతాది." నీళ్ళు సుడి తిరిగే చోట ఒక సున్నా. ఒక ముసలి మడ చెట్టు, దాని కొమ్మ సూటిగా మన జెట్టీ మీదికి కనబడితే ఇంజన్ తగ్గించాలి. అవేవీ ఏ పుస్తకంలోనూ లేవు. వెదురు గడతో ముంచి ముంచి, ఏళ్ళ తరబడి చూసి, ఆయనా ఆయన ముందు సరంగులూ తెలుసుకున్నవి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. వెనక తిప్పితే చైత్ర మాసం.

తర్వాత విశాఖపట్నంలో భూగోళం చదివినప్పుడు మా నీళ్ళ పుట్టుపూర్వోత్తరాలు తెలిశాయి. సుమారు 20 వేల ఏళ్ళ కిందట మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి ఉండేది. అప్పుడు ఈ నాలుగు దీవులూ ఒకటే నేల. మంచు కరిగి సముద్రం ఎక్కాక పల్లపు చోట్లు మునిగిపోయాయి. ఇక ఆ కొండల వరస ఉందే, అది భారత భూఫలకం తూర్పున బర్మా ఫలకం కిందికి దూరేటప్పుడు సముద్రం అడుగు నుంచి పైకి తోసుకొచ్చిన మట్టీ రాయీ. ఇది చదివాకే బారాటాంగ్ బురద అగ్నిపర్వతాలు ఎందుకున్నాయో నాకు అర్థమయింది. జల్కీ అనేవాళ్ళం వాటిని. బూడిదరంగు బురద మెల్లగా ఉబ్బి, బుడగ పగిలి, చల్లగా కారేది. చిన్నప్పుడు పుల్లలతో పొడిచేవాళ్ళం. సెలవులకి వచ్చి నాన్నకి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అయితే ఆ మేట కింద ఉన్నది పాత నేలేనన్నమాట" అన్నాడు. గడతో పొడిచినప్పుడు గట్టిగా తగిలే చోటు ఆయనకి ముందే తెలుసు.

అక్కడి ఆదివాసులు జారవాల గురించి రాయకుండా మా స్ట్రెయిట్ గురించి రాయడం న్యాయం కాదు. మనకంటే వేల ఏళ్ళ ముందు నుంచి ఆ అడవీ ఆ తీరమూ వాళ్ళవి. మా చిన్నప్పుడు పడమటి వైపు పాయల్లోకి ఎవరూ వెళ్ళేవారు కాదు. అండమాన్ ట్రంక్ రోడ్డు వాళ్ళ అడవి మధ్య నుంచే వేశారు. బస్సు ముందు తుపాకీతో పోలీసు కూర్చునేవాడు. పెద్దవాళ్ళు బాణాల కథలు చెప్పి మమ్మల్ని భయపెట్టేవారు. నాన్న మాత్రం ఆ కథలు చెప్పేవాడు కాదు. "ఆళ్ళ ఊర్లోకి మనం ఎల్లేం. ఆళ్ళు రాలేదు" అనేవాడు.

1996లో కాలు విరిగిన ఒక జారవా కుర్రాణ్ణి కదంతలా దగ్గర చూసి పోర్ట్‌బ్లెయిర్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. నయమయ్యాక తిరిగి పంపారు. 1997 అక్టోబర్‌లో వాళ్ళు మొదటిసారి పట్టపగలు, బాణాలు లేకుండా హంఫ్రీ స్ట్రెయిట్ ఒడ్డున ఉత్తరా జెట్టీకి వచ్చారు. నాన్న అప్పుడు కొన్నాళ్ళు ఆ ఫెర్రీ మీద డ్యూటీ చేస్తున్నాడు. జనం గుమిగూడారట, కొబ్బరికాయలూ అరటిపళ్ళూ ఇచ్చారట. నాన్న ఇంజన్ ఆపేసి దూరంగానే ఉన్నాడు. "ఆ పిల్లలు ఫెర్రీ గొలుసు కేసి చూస్తన్నారే, మరేటీ చూడట్లేదు" అని ఫోన్‌లో చెప్పాడు నాతో. ఆయన గొంతులో సంతోషం లేదు, ఏదో దిగులు. రెండేళ్ళకి, 1999లో, వాళ్ళకి తట్టు సోకింది. మన రోగం. ఆ రోడ్డు మూసెయ్యమని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. రోడ్డు ఇంకా నడుస్తూనే ఉంది. ఇప్పుడు వాహనాలన్నీ కాన్వాయ్‌గా, నిర్ణయించిన వేళల్లోనే వెళ్ళాలి, ఆపకూడదు, ఫొటో తియ్యకూడదు. అయినా కారు కిటికీ లోంచి వాళ్ళని వింత జంతువుల్లా చూడాలని వెళ్ళే జనం ఉన్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. వెళ్ళేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆ అడవి దాటేదాకా కెమెరా సంచిలో పెట్టుకోండి, బిస్కట్లు విసరకండి.

ఒక రాత్రి సంగతి. వానాకాలం. పక్క ఊళ్ళో రాంచీ దీదీకి నొప్పులు మొదలై మధ్యాహ్నం నుంచి బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. మా దీవిలో ఆ వైద్యం లేదు. ఫెర్రీ సాయంత్రంతో బంద్. అవతలి నుంచి అడవి రోడ్డు రాత్రిపూట మూసేస్తారు. మగవాళ్ళు ఆమెని చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, పట్టె కట్టి, లాంతర్లతో జెట్టీకి తెచ్చారు. నాన్న నీళ్ళ వైపు లాంతరు పట్టి చూశాడు. అమావాస్య పాటు, నీరు అడుక్కి దిగిపోయింది. డింగీ మెట్లకి ఆనదు. కింది మెట్లన్నీ పాచి, గుల్లలు. మనిషి నిలబడ్డానికే లేదు, కుర్చీ మోసుకుని ఎలా దిగుతారు. "నీరు నిలబడాల, ఎక్కాల. గంటన్నర" అన్నాడు. ఆ గంటన్నరా ఆమె అరుస్తూనే ఉంది. అమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. నేను నీటి అంచున ఒక రాయి పెట్టుకుని అది ఎప్పుడు మునుగుతుందా అని చూశాను. ఆ టెన్షన్ ఇప్పటికీ నా కడుపులో ఉంది. రాయి తడిసింది, మునిగింది, నాన్న "దించండి" అన్నాడు. అవతల పోలీసు జీపు అడవి దాటించింది. దీదీ బతికింది. బిడ్డ దక్కలేదు.

అందుకే వంతెనలు వస్తే పాత అందం పోతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆస్టిన్ స్ట్రెయిట్ మీద చెంగప్ప వంతెన 2002లోనే వచ్చింది. హంఫ్రీ మీద ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు వచ్చింది, 1.45 కిలోమీటర్ల పొడవు. ఆ దీవుల్లో కాన్పు నొప్పులు పడిన ఏ ఆడమనిషినైనా అడగండి.

2004 డిసెంబర్ 26 ఆదివారం పొద్దున్న భూకంపం వచ్చినప్పుడు నేను విశాఖలో ఉన్నాను. నాన్న ఫోన్ దొరకడానికి చాలా రోజులు పట్టింది. స్ట్రెయిట్ లోపల పెద్ద అల రాలేదని, కానీ నీరు పిచ్చెక్కినట్టు ఇటూ అటూ పరుగెత్తిందని, తిథితో పని లేకుండా ఎక్కి దిగిందని చెప్పాడు. జల్కీలు ఆ తర్వాత గట్టిగా బురద కక్కాయి. పోర్ట్‌బ్లెయిర్ వైపు నేల మీటరు దాకా కుంగిపోయింది. సిప్పీఘాట్‌లో వరి పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. ఉత్తర అండమాన్ పడమటి తీరం పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడి చచ్చిపోయాయి. ఒక చివర కుంగి ఒక చివర లేచిన నేల మీద మా దీవి నడుమన ఉంది. "నా లెక్కలన్నీ మళ్ళీ రాసుకోవాల" అన్నాడు నాన్న. రిటైర్ అయ్యేదాకా గడ పట్టుకుని మళ్ళీ కొలుస్తూనే ఉన్నాడట, అమ్మ చెప్పింది. ఆ కొత్త లెక్కలు కాగితం మీదికి ఎక్కలేదు. కళింగపట్నం తిరిగొచ్చి, సొంతూళ్ళోనే పోయాడు.

నాన్న పోయాక ఒకసారి వెళ్ళొచ్చాను. పోర్ట్‌బ్లెయిర్‌ని ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, ఇంటి వాళ్ళకి ఇంకా పోర్ట్‌బ్లెయిరే. మా ఇల్లున్న చోట టూరిస్టుల కోసం వేసిన టిఫిన్ కొట్లు. సున్నపురాయి గుహలకి వెళ్ళే స్పీడ్‌బోట్లు, లైఫ్ జాకెట్లు. సాయంత్రం ప్యారట్ ఐలాండ్‌కి చిలకల గుంపులు మాత్రం అలాగే వస్తున్నాయి. హంఫ్రీ వంతెన మీద కారు రెండు నిమిషాల్లో దాటేసింది. కింద నీళ్ళు ఎటు పోతున్నాయో చూద్దామని తల బయటికి పెట్టేలోపే అవతలి ఒడ్డు.

మిడిల్ స్ట్రెయిట్‌లో మాత్రం నేను వెళ్ళినప్పుడు ఇంకా ఫెర్రీయే. సరంగు కుర్రాడు, రాంచీ కుటుంబం, ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. ముక్కు వంచి పెట్టాడు, పక్కకి పక్కకి జరిపాడు, జెట్టీకి సరిగ్గా ఆనించాడు. నేను నాన్న పేరు చెప్పాను. ఆయన్ని చూడలేదట గానీ, వాళ్ళ మావయ్య ఆయన దగ్గర లస్కర్‌గా చేశాడట. టీ తాగుతూ ఫోన్‌లో నాన్న పటం ఫొటో చూపించాను. చాలాసేపు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. సుడి సున్నా ఉన్నచోటే ఉందన్నాడు. ముసలి మడ చెట్టు పడిపోయింది, ఇప్పుడు జెట్టీ దీపం స్తంభం చూసుకుని ఇంజన్ తగ్గిస్తాడట. మేట దగ్గరికొచ్చేసరికి తల అడ్డంగా ఊపాడు. "యే ఇధర్ ఆ గయా దీదీ" అంటూ దక్షిణపు ఒడ్డు నుంచి ఇవతలికి, బారాటాంగ్ వైపుకి వేలు జరిపాడు. సునామీ తర్వాత మెల్లమెల్లగా జరిగిందట, మావయ్య చెప్పాడట, తను వెదురుతో చూసుకున్నాడట. ఎంత దూరం, పాటు నీట్లో ఎంత లోతు, ఏ తిథికి ఫెర్రీ అడుగు తగులుతుంది, అన్నీ అడిగి రాసుకున్నాను. ఇంటికొచ్చి నాన్న పటం పక్కన ఇంకో కాగితం పెట్టి మళ్ళీ గీస్తున్నాను. పడమటి పాయల గురించి ఇంకా ఆ కుర్రాణ్ణి అడగాల్సినవి ఉన్నాయి. తూర్పు మొగ దగ్గర పోటు గీత కూడా సరిగా కుదరలేదు.